వత్సలా మావశి కాపురాలు పెట్టించిన మేడ

ముంబైలోని పరేల్‌లో అబద్ధం ఎరగనివి రెండే అని మిల్లు పనివాళ్ళు వరస గదుల్లో ఉండే ధోండూబాయి చాల్‌లో చెప్పుకునేవారు. ఒకటి మిల్లు సైరను. రెండోది వత్సలా ఘాడీ మొగుడు దత్తారామ్. మిల్లు మూతపడ్డాక సైరను నోరు మూసుకుంది. దత్తారామ్ అంతకుముందే, పెళ్ళయిన రోజునే మూసుకున్నాడు. వత్సల పక్కన నిలబడితే ఇంకొకరికి మాట్లాడే వంతు రాదు.

అందరూ మావశి, అంటే పిన్ని, అని పిలిచే వత్సల చెప్పే కబుర్లు మామూలు కబుర్లు కావు. ఒక వర్షాకాలం వీధులు నిండిపోతే ఇత్తడి గంగాళంలో కూర్చుని, అట్లకాడతో తెడ్డు వేసుకుంటూ దాదర్ బజారు దాకా పోయి, పులుసులోకి కోకం కాయలు కొనుక్కుని, బేరం కుదరక తిరిగి ఇచ్చేసి, మళ్ళీ అదే గంగాళంలో ఇంటికి వచ్చిందట. నమ్మనివాళ్ళను లోపలికి తీసుకెళ్ళి గంగాళం చూపించేది. గంగాళం ఉన్న మాట నిజమే. నొక్కులు పడ్డ మాటా నిజమే. వంతెన కింద దూరేటప్పుడు తగిలిన నొక్కులవి అనేది. నలభై ఏళ్ళుగా చాల్‌లో పిల్లలు ఆ గంగాళం మీద ప్రమాణాలు చేస్తూ పెరిగారు.

ఆ చాల్ ఇప్పుడు లేదు. దాన్ని పడగొట్టి ఆ జాగాలో రెండు మేడలు కడతానని ఒక బిల్డరు సేఠ్ వచ్చాడు. ఒకటి ఆకాశానికి నిచ్చెన వేసినట్టుండే పెద్ద మేడ, అమ్మకానికి. రెండోది పొట్టిది, చాల్ వాళ్ళకు ఉచితంగా. పెద్దదానిలో ఇళ్ళు అమ్ముడవుతూ ఉంటే ఆ డబ్బుతో చిన్నది లేస్తుందన్నాడు. పెద్దది లేచింది. చిన్నది నాలుగో స్లాబు దగ్గర ఆగిపోయింది. పైన ఇనుప చువ్వలు తుప్పు పట్టి, దువ్వెన పళ్ళలా ఆకాశంలోకి పొడుచుకుని ఉన్నాయి. వత్సలకు రావలసిన ఇల్లు ఆరో అంతస్తులో. అంటే ఆమె ఇల్లు ఇంకా గాలిలోనే ఉంది. ఎవరైనా అడిగితే వేలెత్తి చూపించేది.

"అదుగో, ఆ కాకి ఎగురుతోందే, అదే మా వంటిల్లు. అబ్బ, ఇప్పుడు హాల్లోకి వెళ్ళింది చూడు."

అంతవరకు ఉండడానికి ఊరికి దూరంగా నాలాసోపారాలో ఒక అద్దె గది. అద్దె సేఠే కట్టాలని ఒప్పందం. దీపావళి నుంచి కట్టడం మానేశాడు. దత్తారామ్ ఆ గదికి వచ్చి మూడేళ్ళయినా ట్రంకు పెట్టె విప్పలేదు. పైనున్న చొక్కా ఒకటి తీసి తొడుక్కుంటాడు, ఉతికి మళ్ళీ అందులోనే పెడతాడు. పెట్టె విప్పితే ఇక్కడే స్థిరపడిపోతామని ఆయన భయం. మిల్లు దూది ఊపిరితిత్తుల్లో గూడు కట్టుకుంది. రాత్రిళ్ళు దగ్గుతో గోడలు దద్దరిల్లుతాయి. తన ఇంటి గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టాలి, అంతే ఆయన కోరిక. ఆ కోరిక నోటితో చెప్పలేదు. పెట్టె చెబుతూనే ఉంది.

అందుకే మాఘంలో సేఠ్ గుమాస్తా కేతన్ కబురు పెట్టినప్పుడు ఆమె మొదటి రైలు ఎక్కి వచ్చింది.

"మావశీ, బట్టలు ఆరేయడం వచ్చా?" అన్నాడు కేతన్.

"నేను ఉతికిన చొక్కా చూసి కొట్టువాడు మళ్ళీ ధర చీటీ అంటించాడు నాయనా."

"ఉతకొద్దు. ఆరేయాలి, అంతే."

సంగతి ఇది. మేడలో ఇళ్ళు కొనేవాళ్ళు రావడం లేదు. వచ్చిన ఒకరిద్దరూ తలెత్తి చూస్తారు. బోసి బాల్కనీలు కనిపిస్తాయి. చెప్పులు తిప్పుకుని వెళ్ళిపోతారు. ఈ ఏడు ముంబైలో ఎవరూ ఇల్లు కొనడం లేదట. ధర ఇంకా దిగుతుందని కొనేవాళ్ళు కూర్చున్నారు. దించితే పరువు పోతుందని అమ్మేవాళ్ళు కూర్చున్నారు. కాబట్టి మేడలో జనం ఉన్నట్టు కనిపించాలి. బాల్కనీల్లో బట్టలు, గుమ్మాల దగ్గర చెప్పులు, దీపాలు పెట్టే వేళకు కొన్ని కిటికీల్లో వెలుతురు.

"మొదటి మనిషిగా దిగడానికి ఎవడూ రాడు మావశీ," అన్నాడు కేతన్ నిట్టూరుస్తూ.

"అయితే మొదటి మనిషిని నేను పుట్టిస్తాను. పురిటి ఖర్చు నీది."

"ఒక్కటి గుర్తుపెట్టుకో. గల్లీ వైపు బాల్కనీలు చాలు. రోడ్డు వైపు వద్దు."

"కార్లేసుకుని కొనేవాళ్ళు వచ్చేది రోడ్డు వైపు కదా?"

"రోడ్డు వైపు దుమ్ము. బట్టలు పాడవుతాయి."

కేతన్ కిలోల లెక్కన కొని మూటలు కట్టిన పాత బట్టలకు దుమ్ము భయమేంటా అని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. కానీ మూలుగుతున్న నడుములోకి అప్పుడే తాళాల గుత్తి దూరింది. ఒకటి కాదు, మేడ మొత్తానికి తాళాలు. ఒక్క గది కోసం మూడేళ్ళు ఎదురుచూసిన మనిషికి అన్ని గదుల తాళాలు చేతికొస్తే ఏ అనుమానం నిలుస్తుంది? వచ్చిన దారినే పోయింది.

వేరేవాళ్ళయితే బట్టలు ఆరేసి ఊరుకునేవారు. వత్సల కాపురాలే పెట్టించింది. మూటలో ఒక భారీ ప్యాంటు దొరికింది. దాని నడుములో ఇద్దరు పిల్లలు దాగుడుమూతలు ఆడుకోవచ్చు. అంత ప్యాంటు తొడిగేవాడు సింధీ సేఠ్ తప్ప మరొకడు కాడని తీర్మానించి ఐదో అంతస్తులో పెట్టింది. నేత చీరలు, పిల్లాడి బడి నిక్కరు కలిపి మూడో అంతస్తులో జోషీ కుటుంబానికి ఇచ్చింది. జోషీ ఆవిడ మడి, ఆచారం బాగా ఉన్న మనిషి. ఏడో అంతస్తులో మలయాళీ నర్సు, తెల్ల బట్టలు. తొమ్మిదిలో సావంత్‌లు, అత్తాకోడళ్ళకు పడదు, అందుకని వాళ్ళ చీరలు ఒక తాడు మీద ఆరేసేది కాదు. రోజూ బట్టలు మార్చేది. బడి నిక్కరు ఆదివారం ఆరేసేది కాదు. కేతన్ ఇదంతా చూసి మొదట నవ్వాడు, తర్వాత కొంచెం భయపడ్డాడు.

లిఫ్టులో వంట వాసన ఉండాలని మెట్ల దగ్గర చిన్న పొయ్యి పెట్టి ఆవాలు, కరివేపాకు పోపు వేసేది. ఒకరోజు ఉత్సాహం ఎక్కువై ఎండు బొంబిల్ చేపలు కాల్చింది. ఆ రోజే, చాలా రోజుల తర్వాత, కొనడానికి ఒక కుటుంబం వచ్చింది. చేప ముట్టని గుజరాతీలు. లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఇంటావిడ ముక్కు మూసుకుంది. లిఫ్టు తలుపు మూసుకుంది. అంతే, మళ్ళీ కనిపించలేదు.

"నువ్వు అమ్మడానికి వచ్చావా, తరమడానికి వచ్చావా?" అని కేతన్ తల పట్టుకున్నాడు.

"వాళ్ళు వచ్చినా నిలవరు లే. పైన సింధీ గురకకు పడుకోలేరు."

"ఏ సింధీ?"

"ఐదో అంతస్తు సింధీ. నువ్వు కలవలేదా ఇంకా?"

చాల్ వాళ్ళు ముంబై నలుమూలలా చెదిరిపోయారు. అయినా ఆదివారం వచ్చిందంటే ఎవరో ఒకరు గల్లీలో నిలబడి ఆ నాలుగో స్లాబును చూసి వెళ్ళేవారు, ఆసుపత్రిలో మనిషిని చూసి వెళ్ళినట్టు. మనసు కుదురుగా లేక ఎప్పుడూ ముందుగా వచ్చేది లత. పాత చాల్‌లో వత్సల గది పక్క గది ఆమెది.

"మావశీ, పైన ఎవరో వచ్చినట్టున్నారే! బట్టలు కనిపిస్తున్నాయి," అంది ఒక ఆదివారం.

నోరు విప్పొద్దని కేతన్ చెప్పాడు. కానీ వత్సల నోరు ఎవరి చెప్పుచేతల్లోనూ ఉండదు, ఆమె చెప్పుచేతల్లో కూడా. "వచ్చినట్టున్నారేంటి, నిండిపోతోంది! ఐదో అంతస్తు సింధీ గురక పెడితే లిఫ్టు ఆగిపోతోంది. వాచ్‌మన్ వెళ్ళి ఆయన్ని పక్కకు దొర్లిస్తే గానీ కదలదు."

లత పడీ పడీ నవ్వింది. గురక సంగతి నమ్మలేదు. సింధీని మాత్రం నమ్మింది. ఆ తేడా వత్సల అప్పుడు పట్టించుకోలేదు.

ఫాల్గుణం వచ్చింది. ఎండ ముదిరింది. కొనేవాళ్ళ జాడ లేదు. హోలీకి ఊరెళ్ళిన కూలీలు తిరిగి రాలేదు. క్రేన్ కొక్కెం గాలిలో వేలాడుతూ, సాయంత్రం గాలికి కిర్రుమంటూ నెమ్మదిగా తిరిగేది. గోదాములో సిమెంటు బస్తాలు గడ్డకట్టి రాళ్ళయ్యాయి. కింద ఆఫీసులో నవ్వుతూ కూర్చునే అమ్మాయి ఒకరోజు రాలేదు. మర్నాడు ఆమె కుర్చీ కూడా లేదు. ఆ తర్వాత కాఫీ మెషీను. ఆ తర్వాత గోడ మీదున్న మేడ బొమ్మ. ఎవరు తీసుకెళుతున్నారో తెలియదు. పొద్దున్న వచ్చేసరికి ఒక వస్తువు తగ్గి ఉండేది, అంతే.

ఒకరోజు ఐదో అంతస్తులో తాడు మీద సింధీ ప్యాంటు కనిపించలేదు. నిన్న తానే ఆరేసింది. తాళం వేసింది. ఖాళీ గదిలో నిలబడి, ఏం చేస్తోందో తనకే తెలియక, "సేఠ్‌జీ?" అని మెల్లగా పిలిచింది. పిలిచిన గొంతు నాలుగు గోడలకూ కొట్టుకుని ఆమె దగ్గరికే వచ్చింది. మెట్లు దిగి కిందికి పరుగెత్తితే, గేటు దగ్గర వాచ్‌మన్ అదే ప్యాంటును తాడుతో నడుముకు బిగించుకుని, మూట భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"జీతం ఇవ్వడం మానేశారు మావశీ. నా దగ్గరున్న ఇంకో తాళంతో తీశాను. ఇదొక్కటి పట్టుకుపోతున్నా," అన్నాడు సిగ్గుపడుతూ.

"సింధీ ఏం తొడుక్కుంటాడ్రా మరి?"

వాడు ఆమె ముఖంలోకి ఒక నిమిషం అలాగే చూశాడు. "నువ్వు కూడా వెళ్ళిపో మావశీ. ఇక్కడ ఉండకు," అని తాళం ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారమే చాల్ వాళ్ళ సెక్రటరీ తాంబే గల్లీలో నలుగురినీ పోగేశాడు. ఆయన ఒకప్పుడు బస్సు కండక్టరు. నలుగురు కనిపిస్తే చాలు, ముందుకు జరగండి అంటాడు.

"ముందుకు జరగండి, వినండి. ఇంకో బిల్డరు సిద్ధంగా ఉన్నాడు. ఈ సేఠ్‌ను దించేస్తే మన మేడ తాను పూర్తిచేస్తానంటున్నాడు. కానీ పాడ్వా దాటితే ఆగనంటున్నాడు. ఈ సేఠేమో, మేడ అమ్ముడవుతోంది, ఇంకో రెండేళ్ళు ఇవ్వండి అంటున్నాడు. పాడ్వా సాయంత్రం ఇక్కడే కలుద్దాం. అమ్ముడవుతోందని నమ్మకం కలిగితే రెండేళ్ళకు చేతులెత్తుదాం. లేదంటే దించేద్దాం. ఒకసారి ఎత్తిన చెయ్యి మళ్ళీ దించడానికి ఉండదు, చూసుకోండి."

రెండేళ్ళు. నాలాసోపారాలో దగ్గు వత్సల చెవుల్లో వినిపించింది. రెండేళ్ళు ఆ పెట్టె ఆగుతుంది, మనిషి ఆగడు. ఎలాగైనా పాడ్వాకు ఇళ్ళు అమ్ముడుపోవాలి. మరాఠీవాళ్ళ ఉగాది, కొత్త ఏడాది మొదటి రోజు, ముహూర్తం చూడక్కర్లేదు, ముంబైలో ఇల్లు కొనేవాడు ఆ రోజే కొంటాడు. పది ఇళ్ళు పోయినా స్లాబు లేస్తుంది. నేను లేపిస్తాను అనుకుంది ఆమె. నలుగురి మధ్యా నిలబడి ఏడో అంతస్తు నర్సుకు పెళ్ళి కుదిరిన కథ మొదలుపెట్టింది.

పాడ్వాకు రెండు రోజుల ముందు కేతన్ పండగనాడు ఇంటి ముందు ఎత్తే గుఢీల కోసం వెదురు కర్రలు, పట్టు గుడ్డలు, చెంబులు ఆటోలో దించాడు.

"గల్లీ వైపు ప్రతి బాల్కనీలోనూ గుఢీ ఎత్తాలి మావశీ."

"ప్రతి బాల్కనీలోనా? మలయాళీ నర్సు గుఢీ ఎత్తుతుందా? సింధీ ఎత్తుతాడా? ముంబైలో ఏ మేడలో చూశావు ఇంటింటికీ గుఢీ? దాదర్‌లో కూడా ఉండదు. మరాఠీ ఇళ్ళకే ఎత్తుతాను. మిగతావాళ్ళకు తోరణం చాలు."

"సరే, నీ ఇష్టం. నీ జనం, నీ లెక్క."

"దించేది ఎప్పుడు?"

"మర్నాడు దించొచ్చులే, తొందరేముంది?"

గుఢీ పొద్దుగూకకముందే దించాలి. పసుపు కుంకుమ పెట్టి, బెల్లం చూపించి, ఎత్తిన చెయ్యే దించాలి. చీకటి పడ్డాక నిలబడి ఉన్న గుఢీ చెడ్డది. ఆ చెడు ఎత్తిన చేతికి తగులుతుందని అత్తగారు పాతికేళ్ళు చెవిలో పోసింది. అది ఏ మరాఠీ ఇంటి పసిపిల్లకైనా తెలుసు. గుజరాత్ నుంచి వచ్చిన కేతన్‌కు తెలియదు.

"సూర్యుడు దిగేలోపు దించాలి," అంది వత్సల.

"అలాగైతే మరీ మంచిది. ఆరు దాటగానే దించేసెయ్యి."

పాడ్వా పొద్దున్నే వత్సల స్నానం చేసి, ముక్కుపుడక పెట్టుకుని, అంతస్తు అంతస్తుకూ ఎక్కింది. లిఫ్టు చచ్చి వారమయింది. ఒక్కో బాల్కనీలో వెదురు కర్ర కొసకు పట్టుగుడ్డ కుచ్చిళ్ళు పోసి కట్టి, వేపకొమ్మ, చక్కెర దండ వేలాడదీసి, పైన చెంబు బోర్లించింది. జోషీ ఇంట్లో ఎత్తింది, సావంత్ ఇంట్లో ఎత్తింది, పన్నెండో అంతస్తులో తాను ఆ పొద్దునే పుట్టించిన కొత్త కాపురానికీ ఎత్తింది. ప్రతిచోటా దండం పెట్టింది. ఖాళీ గదుల్లో, సున్నం వాసన మధ్య, ఎవరికి దండం పెడుతోందో తెలియలేదు. పెట్టే ప్రతిసారీ నాలాసోపారా ట్రంకు పెట్టె కళ్ళ ముందు నిలిచింది.

మధ్యాహ్నానికి పని ముగించి రోడ్డు వైపు బాల్కనీ నుంచి కిందికి చూసింది. రోడ్డు వైపు గేటుకు తాళం. ప్రతి ఏడూ పాడ్వా నాడు వేసే షామియానా లేదు. టేబుల్ లేదు. కొనేవాళ్ళకు ఇచ్చే మిఠాయి లేదు. కొనేవాళ్ళ కోసం ఎవరూ ఎదురుచూడడం లేదు. అదే గల్లీ వైపుకు వచ్చి చూస్తే కుర్చీలు వేస్తున్నారు. పెద్ద స్టీలు డబ్బాల్లో పండగ తీపి శ్రీఖండ్ దిగుతోంది. కేతన్ స్వయంగా నిలబడి ప్రతి కుర్చీనీ పట్టుకుని తిప్పుతున్నాడు. కుర్చీలన్నీ మేడ వైపుకు. కూర్చున్నవాడి కళ్ళు నేరుగా గుఢీల మీద పడేట్టు.

కేతన్ మొదటి రోజు చెప్పిన మాట వత్సలకు గుర్తొచ్చింది.

రోడ్డు వైపు వద్దు, గల్లీ వైపు చాలు. తాను రెండు నెలలుగా ఆరేసిన ప్రతి గుడ్డా కొనేవాళ్ళ కోసం కాదు. లత కోసం. తాంబే కోసం. ఆదివారం వచ్చి తలెత్తి చూసి వెళ్ళే ప్రతి మనిషి కోసం. ముంబైలో ఒక్క కొనేవాడూ ఆ మేడను నమ్మలేదు. నమ్మింది తనవాళ్ళే. నమ్మించింది తానే.

సాయంత్రానికి చాల్ అంతా దిగింది. అందరూ కొత్త బట్టలు కట్టుకుని, శ్రీఖండ్ గిన్నెలు పట్టుకుని, తలలెత్తి గుఢీలు లెక్కపెడుతున్నారు. దత్తారామ్ కూడా వచ్చాడు. మెట్లు ఎక్కలేని మనిషి రెండు రైళ్ళు మారి, ట్రంకు పెట్టెలోని చొక్కా తొడుక్కుని వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు.

"ఇంతమంది దిగారా! రెండేళ్ళేంటి, రెండు వానలు పోతే మనవీ తాళాలు వచ్చేస్తాయి," అంటోంది లత.

తాంబే లేచాడు. "ముందుకు జరగండి. ఇక చూసేదేముంది? రెండేళ్ళకు ఒప్పుకునేవాళ్ళు..."

"ఆగు తాంబే!" వత్సల జనం మధ్యలోంచి దూసుకొచ్చింది. "పైన ఎవరూ లేరు. సింధీ లేడు, నర్సు లేదు, జోషీ లేదు. బట్టలు నేనే ఆరేశాను. గుఢీలు నేనే ఎత్తాను. ఒక్క ఇల్లు అమ్ముడుపోలేదు. చేతులెత్తొద్దు!"

గల్లీ అంతా పగలబడి నవ్వింది.

"మావశీ, పాడ్వా నాడు కొత్త కథ మొదలెట్టావా!"

"మొన్న నర్సు పెళ్ళికి భోజనాలు పెట్టావు, ఇవాళ మాయం చేశావా?"

"గంగాళంలో ఎక్కించి పంపేసిందిరోయ్ అందరినీ!"

కేతన్ కూడా నవ్వాడు, అందరికన్నా గట్టిగా. తాళాలు చూపిస్తే, నీ దగ్గర తాళాలుండక ఎవరి దగ్గరుంటాయి, ఊడ్చేది నువ్వేగా అన్నారు. వత్సల జీవితంలో చెప్పిన ఒకే ఒక్క నిజం అన్నిటికన్నా బాగా నవ్వించింది.

ఆమె పడమర వైపు చూసింది. సూర్యుడు పాత మిల్లు పొగగొట్టం పక్కకు దిగాడు. కేతన్ దగ్గరకొచ్చి నవ్వు చెరగకుండానే పళ్ళ మధ్యలోంచి అన్నాడు: "చాలు. పైకి వెళ్ళి అవి దించు. టైమయింది."

వత్సల తాళాల గుత్తిని నడుములోకి ఇంకా లోపలికి దోపుకుంది. తర్వాత ముందు వరుసలోంచి ఒక కుర్చీ లాక్కుని, కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

"సరే, నేను చెప్పింది అబద్ధమే. అందరూ ఉన్నారు. కథ చెబుతాను, వింటారా?"

కథంటే ఎవరు కాదంటారు? జనం కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

"మూడో అంతస్తు చూడండి. జోషీ ఆవిడ. ఎంత ఆచారమంటే, నల్లాలో నీళ్ళు కూడా కడిగి తాగుతుంది. ఇప్పుడు పొద్దు వాలింది కదా, పళ్ళెంలో పసుపు కుంకుమ పెట్టుకుని బాల్కనీలోకి వస్తుంది. అందరికన్నా ముందు గుఢీ దించేది ఆవిడే. చూడండి, తలుపు తీస్తోంది."

అందరూ మూడో అంతస్తు వైపు చూశారు. తలుపు తెరుచుకోలేదు.

"కుంకుమ భరిణె కనిపించలేదేమో, వెతుక్కుంటోంది. అంతలోకి తొమ్మిదో అంతస్తు. సావంత్ కోడలు దించబోతుంటే అత్త వచ్చి చెయ్యి పట్టుకుంటుంది, ఎత్తింది నేనే, దించేదీ నేనే అని. ఇద్దరూ కొట్టుకుంటూ ఇప్పుడు బయటికి వస్తారు."

కొందరు నవ్వారు. తొమ్మిదో అంతస్తులో పట్టుగుడ్డ గాలికి కొంచెం కదిలి ఊరుకుంది. సూర్యుడు పొగగొట్టం కిందికి జారాడు. వత్సల ఒక్కో ఇంటినీ పేరు పెట్టి పిలుస్తోంది. పన్నెండులో కొత్త పెళ్ళికూతురు, దించేటప్పుడు చెంబు జారవిడుస్తుంది, అత్త తిడుతుంది, ఇదుగో వచ్చేస్తోంది. పిలిచిన ప్రతి ఇంటి మీదా వందల కళ్ళు నిలిచాయి. ఎవరూ రావడం లేదు. నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. గిన్నెల్లో చెంచాల చప్పుడు కూడా ఆగింది.

ముందుగా ఆడవాళ్ళకు తెలిసింది. లత లేచి నిలబడింది.

"జోషీ బాయీ!" అని పైకి అరిచింది. "అహో జోషీ బాయీ! పొద్దు పోతోంది, గుఢీ దించండి!"

పిలుపు మేడకు తగిలి వెనక్కి వచ్చింది. బాయీ, దించండి.

ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు గొంతు కలిపారు. తర్వాత పది మంది. సావంత్‌లను పిలిచారు, పేరు తెలియనివాళ్ళను పిలిచారు. ముసలివాళ్ళు దండాలు పెట్టి మరీ బతిమాలారు. ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంటే చాలు, ఒక్క చెయ్యి బయటికి వస్తే చాలు. కేతన్ అటూ ఇటూ చూసి, "వాళ్ళంతా పండక్కి ఊరెళ్ళారు," అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు. గుఢీ ఎత్తి, తాళం వేసి ఊరెళ్ళే ఇల్లు ఈ భూమ్మీద లేదు.

వెనక వరుసలో దత్తారామ్ లేచాడు. దగ్గు అదిమిపెట్టి, ఎన్నో ఏళ్ళ తర్వాత నలుగురిలో నోరు విప్పాడు.

"లోపల ఎవరూ లేరు."

సైరను మోగినట్టు విన్నారు. ఎవరూ ఆయన్ని ఎదురు ప్రశ్న వేయలేదు. అబద్ధం ఆ గొంతులో పట్టదు.

సూర్యుడు పూర్తిగా దిగిపోయాడు. మేడ నల్లబడింది. గుఢీలు అలాగే నిలబడి ఉన్నాయి, బోర్లించిన చెంబులతో, బాల్కనీల్లోంచి వంగి కిందికి చూస్తున్న తలల్లా. చేతులెత్తండి అని తాంబే ఇక అనలేదు. గల్లీ చివర కేతన్ కారు దీపాలు వెలిగాయి, మలుపు తిరిగి పోయాయి. శ్రీఖండ్ గిన్నెలు నేల మీద పెట్టి జనం ఒక్కొక్కరే లేచారు. మేడకు వీపు చూపించే ధైర్యం లేక వెనక్కి వెనక్కి నడిచారు.

లత మాత్రం వత్సల దగ్గర ఆగింది. "మావశీ, దించలేదేం? ఎత్తింది నువ్వే కదా. నీ చేతికే కదా తగిలేది," అంది.

"దించితే మీరు నమ్మేవారా?"

లత ఆ చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోకుండానే వెళ్ళిపోయింది.

వత్సల కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, అది ఇంకెవరిదో అయినట్టు. దత్తారామ్ వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. పైన క్రేన్ కొక్కెం కిర్రుమంది. ఆమె అలవాటుగా తలెత్తి, నాలుగో స్లాబు పైన, చువ్వలు దాటి, ఆరో అంతస్తు ఉండవలసిన చోటు వెతికింది. చీకట్లో అది దొరకలేదు.

"వంటిల్లు ఎక్కడ?" అన్నాడు దత్తారామ్.

వత్సలకు ఏ కథా తోచలేదు.